లోపలి పనులు

ఫ్లాటు చూడటానికి వచ్చిన ఏజెంటు కుర్రాడు చెప్పులు గుమ్మం బయట విడిచి, ఫోనులో వీడియో తీసుకుంటూ గది గదీ తిరిగాడు. హాలు, రెండు పడగ్గదులు, రెండు బాత్రూములు, బాల్కనీ... వంటింట్లోకి వచ్చేసరికి ఆగిపోయాడు. "ఆంటీ, ఈ గట్టేంటి ఇంత ఎత్తుగా ఉంది? ఇది తీయించెయ్యాలి. ఇప్పుడందరూ మాడ్యులర్ అడుగుతున్నారు. ఇట్లాంటిది చూస్తే పార్టీ వెనక్కి పోతారు" అన్నాడు.

ఆ గట్టు నేను కట్టించుకున్నది. నేను కాస్త పొడగరిని. బిల్డరు కట్టిచ్చిన గట్టు నా నడుం కిందికి ఉండేది. ఆరేళ్ళపాటు వంగి కూరలు తరిగి, వంగి దోసెలు పోసి, వంగి అంట్లు కడిగాక నడుం నొప్పి పట్టుకుంది. డాక్టరు మాత్రలు రాసి, "వంగే పనులు తగ్గించండమ్మా" అన్నాడు. ఏ పని తగ్గించాలో చెప్పలేదు. 2009 వేసవి సెలవుల్లో నా చీటీ డబ్బుతో గట్టు పగలగొట్టించి, నాలుగంగుళాలు ఎత్తు పెంచి, పైన చీమకుర్తి నల్ల గ్రానైటు వేయించాను. మేస్త్రీ టేపు పట్టుకుని నన్ను నిలబెట్టి, మోచేతి దగ్గర్నుంచి కొలత తీసుకున్నాడు. ఆ ఇంట్లో నా ఒంటి కొలతతో కట్టింది అదొక్కటే.

ఇప్పుడు దాన్ని తీసేస్తే ఇంటి ఖరీదు పెరుగుతుందట.

కుర్రాడు వెళ్తూ వెళ్తూ ఒక జాబితా పంపించాడు. హాల్లో ఫాల్స్ సీలింగ్, లైట్లు. ఇల్లంతా రంగులు. మాడ్యులర్ కిచెన్, చిమ్నీ. బాత్రూముల్లో కొత్త ఫిట్టింగులు. మా అమ్మాయి గదిలోని పుస్తకాల అల్మరాలు తీసేసి, దాన్ని ఇంటి నుంచి పనిచేసే వాళ్ళ ఆఫీసు గదిలా చూపించడం. మొత్తం ఏడు లక్షలు అవుతుందనీ, అంతకి రెట్టింపు తిరిగి వస్తుందనీ భరోసా ఇచ్చాడు. మా ఆయన ఆ జాబితా చూసి సంతోషపడ్డారు. లెక్క బాగుంది కదా అన్నారు. నాకు మాత్రం ఆ లెక్కలో ఏదో తప్పిపోయినట్టు అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు.

ఆ ఫ్లాటు మేం కొన్నది 2003లో, కొండాపూర్‌లో. సైబర్ టవర్స్ ప్రారంభమై అప్పటికి ఐదేళ్ళు. మా పక్కన ఇంకా గుట్టలు, బండరాళ్ళు, వాటి మధ్య మేకలు ఉండేవి. అప్పట్లో అది శేరిలింగంపల్లి మునిసిపాలిటీ, ఊరు కిందికి రాదు. చుట్టాలు వచ్చి "ఇంత దూరం ఎందుకు కొన్నారు" అని అడిగేవాళ్ళు. ఆ ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైలు మొదలైతే అదే మాకు పెద్ద భరోసా. పదకొండొందల యాభై చదరపుటడుగులు, 13 లక్షలు.

రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీదే జరిగింది. అప్పు ఆయన జీతం మీద వచ్చింది. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. నెలాఖరున రిజిస్టరులో సంతకం, కవర్లో డబ్బు. బ్యాంకు వాళ్ళు నమ్మే కాగితం నా దగ్గర ఏదీ లేదు. "ఇద్దరి పేర్లంటే ఇద్దరి కాగితాలూ అడుగుతారు, ఆలస్యమవుతుంది" అన్నారు ఆయన. నిజమే అనుకున్నాను. ఇందులో నవ్వుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ నెలలోనే నేను ఒక సెమినార్లో స్త్రీల ఆస్తి హక్కుల మీద పేపరు చదివాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టం కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాటా ఎలా ఇచ్చిందో, దేశమంతటికీ అది రావడానికి ఇంకా ఎందుకు ఆలస్యమవుతోందో ఇరవై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. మర్నాడు రిజిస్ట్రారాఫీసుకు సాక్షి సంతకం పెట్టడానికి వెళ్ళాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఖర్చు రెండుగా చీలింది. ఎవరూ కూర్చుని పంచింది కాదు, దానంతటదే అలా పడింది. నెల నెలా అప్పు వాయిదా ఆయనది. "లోపలి పనులు" నావి. బిల్డరు నాలుగు గోడలు, నేల, తలుపులు ఇచ్చి వెళ్ళిపోయాడు కదా! 2004లో పడగ్గదుల్లో బీరువాలు చేయించింది నా మొదటి చీటీ. 2009లో గట్టు. 2012లో వంటింటి వెనక బాల్కనీకి గ్రిల్లు, బట్టలుతికే చోట పంపు, కింద బండలు. దానికి రెండు గాజులు అమ్మాను. బోరునీళ్ళకి పంపులన్నీ తెల్లగా ఉప్పు పేరుకుపోతుంటే రెండుసార్లు మార్పించాను. 2016లో అమ్మాయి అమెరికా వెళ్ళాక దాని గదిలో అల్మరాలు, రాసుకోడానికి ఒక బల్ల. అన్నీ కలిపితే ఆరు లక్షల పైచిలుకు. ఒక్కదానికీ బిల్లు లేదు. వడ్రంగికీ మేస్త్రీకీ చేతిలో డబ్బు పెట్టి, పాల లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను.

ఏజెంటు జాబితా పట్టుకుని నేనొక వారం చుట్టుపక్కల ఆరా తీశాను. మా కాంప్లెక్సులోనే గత రెండేళ్ళలో నాలుగు ఫ్లాట్లు చేతులు మారాయి. అమ్మినవాళ్ళనీ కొన్నవాళ్ళనీ అడిగాను. నాకర్థమైంది ఇది.

ఇరవయ్యేళ్ళు దాటిన ఫ్లాటుకి ధర వచ్చేది లోపలి అలంకారం వల్ల కాదు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, దాని విలువ తరుగుతుంది. పెరిగేది కింద ఉన్న నేల విలువ. అపార్టుమెంటులో ప్రతి ఫ్లాటుకీ దస్తావేజులో ఇన్ని చదరపు గజాలని అవిభాజ్యపు వాటా రాసి ఉంటుంది. మాది 42 గజాలు. ఆ గజాల విలువ పెంచింది మేమెవరమూ కాదు. 2019 మార్చిలో మెట్రో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా వచ్చింది, నవంబరులో రాయదుర్గం చేరింది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. 2023 జనవరి ఒకటిన కొత్తగూడ ఫ్లైఓవర్ మొదలైంది. మా ఇంట్లో ఒక మేకు కొట్టకుండానే ధర పెరిగింది.

మరి లోపల చేయించే పనులు దేనికి? అవి మూడు రకాలు. మొదటి రకం, కొనేవాడు బేరమాడ్డానికి కారణం లేకుండా చేసేవి. గోడల్లో చెమ్మ, బాత్రూము లీకు, పాత వైరింగు, బిగుసుకుపోయిన కిటికీలు. కాగితాలు కూడా ఈ రకమే. ఈ.సి., పన్ను రసీదులు, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే పత్రం, లింకు డాక్యుమెంట్లు అన్నీ ఒక ఫైలులో ఉంటే, కొత్త సీలింగు కంటే అవే ఎక్కువ పనిచేస్తాయి. రెండో రకం, ఇల్లు త్వరగా అమ్ముడుపోయేలా చేసేవి. తేలిక రంగు, కడిగిన కిటికీలు, వెలిగే బల్బులు. ధర పెద్దగా పెరగదు, రోజులు కలిసొస్తాయి. మూడో రకం, మన అభిరుచిని ముక్కూమొహం తెలియనివాళ్ళ నెత్తిన పెట్టేవి. ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెన్ ఇందులోవే. మా కాంప్లెక్సులో ఒకావిడ అమ్మే ముందు నాలుగు లక్షలు పెట్టి వంటింటిని ఎరుపూ తెలుపూ చేయించింది. కొన్నవాళ్ళు గృహప్రవేశానికి ముందే దాన్ని ఊడబెరికించారు. వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయానికి జరగాలట. పైగా మనవి నీళ్ళు పోసి కడిగే వంటిళ్ళు. పొట్టుచెక్కతో చేసిన అరలు రెండు వానాకాలాలకే అడుగున ఉబ్బిపోతాయి.

కాబట్టి నేను మొదటి రకానికే ఓటు వేశాను. మా చిన్న బాత్రూము గోడ అవతల, హాలు వైపు చెమ్మ మరక ఉండేది. ఏజెంటు సలహా, దానిమీద పుట్టీ పెట్టి రంగు కొట్టి, ముందర సోఫా జరపమని. "రెండు నెలలు ఆగుతుంది ఆంటీ, ఈలోపు అయిపోతుంది" అన్నాడు. రెండు నెలల తర్వాత ఆ గోడ పొక్కులు తేలినప్పుడు చీపురుతో సున్నం ఊడ్చేది ఎవరో నాకు తెలుసు. ఆ వచ్చే ఇంటి ఆడమనిషే. మా ఆయన్ని ఒప్పించడానికి మాత్రం ఈ మాట చెప్పలేదు, బేరంలో ఎంత కోస్తారో చెప్పాను. టైల్సు పగలగొట్టించి చూస్తే కింద పైపు అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. అతుకు మార్చి, వాటర్‌ప్రూఫింగ్ పూత వేసి, రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి చూసి, అప్పుడు కొత్త టైల్సు వేశారు. మీటరు బోర్డు మార్పించాం. రంగులు వేయించాం. అన్నీ కలిపి రెండు లక్షల లోపే. గట్టు జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

అసలు సంగతి తర్వాత బయటపడింది. పన్ను లెక్క చూసేందుకు ఒక కన్సల్టెంటు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఇల్లు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంటుంది కదా. 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్ళకి రెండు దారులున్నాయట. కొన్న ధరని ద్రవ్యోల్బణ సూచీతో పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం కట్టడం ఒకటి. సూచీ లేకుండా 12.5 శాతం కట్టడం ఇంకొకటి. ఏది తక్కువైతే అది. మా 13 లక్షలు సూచీ లెక్కలో దాదాపు 45 లక్షలు అయ్యాయి. కాగితం మీద పెన్నుతో రాస్తూ ఆయన అడిగాడు. "ఇంటికి ఇంప్రూవ్‌మెంట్ ఖర్చు ఏమైనా పెట్టారా? అదీ తీసేయొచ్చు. రంగులూ చిన్న రిపేర్లూ రావు. కొత్తగా కట్టింది, శాశ్వతంగా మార్చింది వస్తుంది."

నేను సంచిలోంచి పాల లెక్కల పుస్తకం తీశాను. 2004, 2009, 2012, 2016. అన్నీ చూపించాను. ఆయన మర్యాదగానే చూశాడు. "బిల్లులు ఉన్నాయామ్మా? చెక్కులు?" లేవు. "ఇవి ఎవరి డబ్బు?" నావి. "ఫ్లాటు సార్ పేరు మీద కదా... సార్ ఖర్చు పెట్టినట్టు రుజువు ఉంటే చూద్దాం. లేకపోతే వదిలెయ్యడం మంచిది." వదిలేశాం. ఆరు లక్షలు, ఒక్క గీతతో. కొన్న 13 లక్షలు మాత్రం, ఆయన పేరు మీద ఉన్నాయి కాబట్టి, ఇరవై రెండేళ్ళలో మూడింతలకు పైగా పెరిగి కాగితం మీద దర్జాగా కూర్చున్నాయి. నా గాజులకి సూచీ లేదు.

ఏజెంటు లెక్కలో తప్పిపోయినదేమిటో అక్కడ, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా నాకు తెలిసింది. ఇల్లు కొనడం ఒక్కరోజు పని, దానికి దస్తావేజు ఉంటుంది. ఇంటిని ఇల్లుగా ఉంచడం ప్రతిరోజు పని, దానికి రసీదు ఉండదు. మగవాళ్ళ డబ్బు మొదటి దాంట్లోకీ, ఆడవాళ్ళ డబ్బూ ఒళ్ళూ రెండో దాంట్లోకీ పోవడం మా ఒక్క ఇంటి కథ కాదు. తర్వాత నా సహోద్యోగుల్ని అడిగితే పదిమందిలో ఏడుగురు ఇదే చెప్పారు. ఆయన వాయిదా కడతాడు, నేను ఇల్లు నడుపుతాను అని. వాయిదాలు పోగై ఇల్లవుతాయి. కూరగాయలు, ఫీజులు, గ్రిల్లు, పంపులు ఏమీ కావు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలకడంలో పడి తన పేరే మరిచిపోతుంది. ఆ కథని నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో! నా పేరు నేను మరిచిపోలేదు. రాయించుకోవడం మరిచిపోయాను.

2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకి 299 నిమిషాలు గడుపుతున్నారనీ, మగవాళ్ళు 97 నిమిషాలనీ తేలింది. నిమిషాల లెక్క అందరికీ తెలిసింది. అవి ఆస్తిలో వాటా కావాలంటే మాత్రం గోవాలో తప్ప మన దేశంలో దానికి చట్టం లేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి మాట చెప్పింది. భర్త సౌదీలో ఉద్యోగం చేస్తుంటే భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలూ చూసుకుంది. ఆయన పంపిన డబ్బుతో కొన్న ఆస్తుల మీద తగాదా. ఆమె ఇంటిపని చేసింది కాబట్టే ఆయన బయట సంపాదించగలిగాడని, ఆ రకంగా ఆస్తి కూడబెట్టడంలో ఆమె పాత్ర సమానమని కోర్టు అంది. దీన్ని గుర్తించే చట్టం లేకపోయినా, గుర్తించవద్దనే చట్టమూ లేదని అంది. కానీ ఆ మాట కోసం ఆమె కోర్టు దాకా పోవాల్సి వచ్చింది. కలిసి కాపురం చేస్తున్న వాళ్ళు ఎవరి దగ్గరికి పోవాలి?

నేను మా ఆయన దగ్గరికే పోయాను. ఇంటికి వచ్చాక, భోజనాలయ్యాక అడిగాను. "అమ్మిన డబ్బులో నా వాటా నా ఖాతాలో వెయ్యండి."

"నీదీ నాదీ అని ఏముంది?" అన్నారు ఆయన. కోపంగా కాదు, నిజంగా ఆశ్చర్యంగా.

ఆ మాట నేను ఇరవయ్యేళ్ళుగా ప్రేమ అనుకున్నాను. ప్రేమ కాదనీ అనను. కానీ తేడా లేనప్పుడు ఎవరి పేరు మీద ఉంటేనేం అని ఆయన అన్న ప్రతిసారీ అది ఆయన పేరు మీదే ఎందుకు ఉందో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రాత్రి మాట్లాడాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పాల లెక్కల పుస్తకం అడిగి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి చదివారు. "ఈ గాజులు అమ్మినట్టు నాకు చెప్పలేదే" అన్నారు. చెప్పాను, గుర్తులేదు అంతే. అది కూడా ఒక లెక్కే.

అమ్మగా వచ్చిన దాంట్లో సగం నా ఖాతాలోకి వచ్చింది. మిగతా సగంతో, దానికి నాది కొంత కలిపి, ఊరికి ఇంకాస్త ఎడంగా చిన్న ఇల్లు కొన్నాం, ఇద్దరి పేర్ల మీద. గెలిచానని చెప్పడానికి రాయడం లేదిది. ఆయన ఒప్పుకున్నారు కాబట్టి వచ్చింది. ఒప్పుకోకపోతే నా దగ్గర ఉన్నది పాల లెక్కల పుస్తకమే.

ఇంకొక మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టే. ఆ ఇంటిని పద్నాలుగేళ్ళు తుడిచింది నేను కాదు. పాలమూరు నుంచి కూలికి వచ్చి మాదాపూర్ వెనక బస్తీలో రేకుల గదిలో ఉండే ఆవిడ. మెట్రో వచ్చి మా గజాల ధర పెరిగిన ఏడే ఆవిడ గది అద్దె కూడా పెరిగింది. మాకు లాభం, ఆవిడకి ఖర్చు, ఒకే స్టేషన్ వల్ల. నా ఆరు లక్షలు ఎవరూ లెక్కపెట్టలేదని నేను ఏడుస్తున్నప్పుడు, ఆవిడ పద్నాలుగేళ్ళు నా పుస్తకంలో నెలకొక గీతగా ఉన్నాయి. వెళ్ళేముందు ఏడాది జీతం ఇచ్చాను. ఆవిడ డబ్బు కొంగున కట్టుకుని, "కొత్తోళ్ళకి నా పేరు చెప్పమ్మా" అంది. పేరు చెప్పడం ఎంత అవసరమో ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

ఇల్లు కొన్నవాళ్ళు చిన్న వయసు జంట, ఇద్దరూ ఐటీలోనే. అతను దస్తావేజులు చూస్తుంటే ఆ అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. గట్టు దగ్గర నిలబడి రెండు చేతులూ ఆనించింది. నా అంత పొడుగు. "హమ్మయ్య, ఇది కరెక్టుగా ఉంది. మా అద్దె ఇంట్లో నడుం విరిగిపోతోంది ఆంటీ" అంది. తీయించదట. ఏజెంటు కుర్రాడు వింటే బావుండును అనుకున్నాను.

"రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదమ్మా?" అని అడిగాను.

"తన పేరు మీదే ఆంటీ. లోన్ తనది కదా. ఇంటీరియర్స్ నేను చూసుకుంటానని చెప్పా."

అడగని సలహా ఇవ్వకూడదంటారు. అయినా ఆ అమ్మాయిని గట్టు దగ్గరే నిలబెట్టి మొత్తం చెప్పాను. పాల లెక్కల పుస్తకం తీసి చూపించాను. హాల్లోంచి అతను రెండుసార్లు పిలిచాడు. "ఒక్క నిమిషం" అంది ఆ అమ్మాయి, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.